ఉప్పు లేని ఆవకాయ జాడీ

అనగనగా చుట్టూ నేలే ఉన్న ఒక రాజ్యం. మీ ఇంగ్లీషు పాఠంలో ల్యాండ్‌లాక్డ్ అని చదివారే, అదే. ఎటు నడిచినా పరాయివాడి నేలే తగుల్తుంది, సముద్రం తగలదు. లాకంటే తాళమని నాకూ తెలుసు. వేరుపడ్డాక మా తోటికోడలు పెరటి దారికి వేసిందే, అలాంటిది. దాన్ని నేనేం మర్చిపోలేదు.

ఆ చుట్టూ నేలంతా ఒడ్డురాజుది. సముద్రం వాడిదే, ఉప్పూ వాడిదే. మామిడికాయ టెంక కట్టే రోజులు చూసి మరీ సరిహద్దు గుమ్మానికి తాళం బిగించాడు. రాజ్యం రాసిస్తేనే ఉప్పన్నాడు. నేలకి తాళం పడ్డం, మీ ఇంగ్లీషు మాట పుట్టడం అప్పుడే, మీ మాస్టారు ఏమన్నా సరే.

తాళం పడ్డ రాజ్యాన్నేలే రాజుగారి కోడలు నాంచారి. కాయ కోయించింది, ఆవాలు దంచించింది, కారం కొట్టించింది, నువ్వులనూనె ఆడించింది. ఉప్పేదీ? బండిలో ఉంది. బండేదీ? గుమ్మం అవతలుంది. గుమ్మం తీయరేం? తాళముంది. తాళంచెవేదీ? ఒడ్డురాజు మొలతాడుకుంది. ఊ కొడుతున్నారా, గురక పెడుతున్నారా?

మామగారు కత్తులు నూరిస్తున్నారు. నాంచారి మనసంతా కాయల మీదే. ఏడాదంతా ఊరందరూ ఏం పెట్టుకు తింటారు?

"మీ యుద్ధం తెమిలేలోపు కాయలు పళ్ళవుతాయి మామయ్యా. ఒక్క జాడీ పంపనివ్వండి," అంది.

ఒడ్డున గాలికి మామిడిపూత నిలవదు. ఒడ్డురాజు తల్లికేమో ఆవకాయ లేనిదే ముద్ద దిగదు. ఏటా జాడీ ఇక్కణ్ణించే వెళ్ళేది. వాడి కాపలావాళ్ళు అటు వెళ్ళే జాడీని ఆపరు, ఇటొచ్చే ఉప్పునే ఆపుతారు. జాడీ వెళ్ళింది. పైన నూనె తేలుతూ, ఎర్రగా, ఘుమఘుమలాడుతూ. ఉప్పొక్కటే వెయ్యలేదు.

ముసలావిడ వేడన్నంలో కలిపి ముద్ద పెట్టుకుంది. ఆ మొహం చూడాలి. తెచ్చినవాణ్ణి నిలేసింది. వాడు చేతులు కట్టుకుని, ఉప్పుగుమ్మం తాళంచెవి మీ అబ్బాయిగారి మొలతాడుకుందమ్మా అన్నాడు.

ఆవిడ ఎంగిలిచేత్తోనే సభకి నడిచింది. అందరి ముందూ కొడుకు మొలతాడు పట్టి లాగి తాళంచెవి ఊడబెరుక్కుంది.

"రాజ్యం కావాలిట వీడికి. ముందు మీ అమ్మకి అన్నం పెట్టరా."

సభలోవాళ్ళంతా పైకప్పు చూస్తూ కూర్చున్నారు.

సాయంత్రానికి ఉప్పుబళ్ళు గుమ్మం దాటాయి. ముందు బండి మీద ఆవిడే. నాంచారి దణ్ణం పెడితే దీవించడం మాని, వెల్లుల్లి తక్కువేశావేమే అని దెప్పింది. ఇద్దరూ కొంగులు బిగించి ఆవకాయ కలిపారు. ఊరూరా జాడీలు నిండాయి. తాళంచెవి ఆవిడ కొంగునే ఉండిపోయింది. కొడుకు అడిగితే చెవుడు నటించేది.

అంచేత, చుట్టూ నేల మీదే అవనీ, అవతలివాళ్ళ వంటింటి దారి మాత్రం మూయకండి. మీ ఇంట్లోనే ఎవరో ముద్ద దిగక కూచుంటారు.

కథ కంచికెళ్ళింది, మీరు దుప్పట్లోకి వెళ్ళండి.