లోకనాథం తీసేసిన చీమలు

వైకుంఠస్వామిని ఏదైనా అడగాలంటే శిష్యులు ఒకటికి రెండుసార్లు ఆలోచించేవారు. ఆయన జవాబు చెప్పరు, పని చెబుతారు. ఆశ్రమానికి కొత్తగా వచ్చిన లోకనాథానికి ఈ సంగతి తెలియదు. తెలివైనవాడే, కాకపోతే ఆ తెలివి నలుగురికీ తెలియాలని కాస్త తొందరపడే మనిషి. కార్తీకమాసంలో ఒక ఉదయం పాఠం మధ్యలో లేచి, "స్వామీ, సృష్టిలో ఒక ప్రాణి మీద ఇంకోటి ఆధారపడి బతుకుతుందంటారు. ఎవరికీ అక్కర్లేనివి కూడా కొన్ని ఉంటాయి కదా?" అని అడిగాడు.

స్వామి కిటికీలోంచి ఆశ్రమం జీడితోట వైపు చూశారు. "ఉంటే ఉండొచ్చు. తోటలో ఒక చెట్టు చూసుకుని, దాని మీద అక్కర్లేదనిపించినదాన్ని తీసెయ్యి. ఒక్క చెట్టే సుమా," అన్నారు. మర్నాడు తీర్థయాత్రకు బయల్దేరి వెళ్లిపోయారు.

లోకనాథానికి వెతుక్కునే పని లేకపోయింది. జీడికొమ్మల నిండా ఆకులు కలిపి కుట్టి గూళ్లు కట్టుకునే ఎర్రచీమలు ఉన్నాయి. చెట్టు కింద నిలబడితే చాలు, మెడ మీద రాలి నిప్పులా కరుస్తాయి. ఆ తోటలో గింజలేరే దాలమ్మ వాటిని తిట్టని రోజుండదు. అతను దోటితో గూళ్లు కోసి ఎండాకుల మంటలో వేశాడు. మళ్లీ ఎక్కకుండా చెట్టు మొదలు చుట్టూ ఆముదంలో గుగ్గిలం కాచిన జిగురు పూశాడు. ఒక చెట్టు శుభ్రపడేసరికి చేతికి పని రుచి తగిలింది. ఇంత మంచి పని ఒక్క చెట్టుతో ఆపడమెందుకనిపించింది. పదిరోజుల్లో తోటలోని నలభై చెట్లూ అలాగే చేశాడు. కంచె పక్కనున్న చెట్టు మాత్రం లొంగలేదు. పక్కతోట కొమ్మ ఒకటి దానికి ఆనుకుని ఉంది, ఆ దారిన చీమలు వస్తూనే ఉన్నాయి. పోనీలే అని వదిలేశాడు.

మార్గశిరం మంచుతో పాటు చిగుళ్లు వచ్చాయి. నాలుగోనాడు ఒక చిగురు కొసన నల్లమచ్చ కనిపించింది. వారం తిరిగేసరికి చెట్లకు చెట్లే సెగ తగిలినట్టు మాడిపోయాయి. దోమంత పురుగొకటి లేతకొమ్మల రసం పీల్చేస్తోంది. లోకనాథం వేపనీళ్లు చల్లాడు, పొగ పెట్టాడు. తెల్లారి చూస్తే ఇంకో వరుస నల్లబడి ఉండేది. అతనికి అన్నం సహించడం మానేసింది. చిగురు పోతే పూత లేదు, పూత లేకపోతే గింజ లేదు. ఏరిన గింజల్లో మూడోవంతు దాలమ్మది, వానాకాలమంతా ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది దానితోనే. ఆమె దారిలో కనబడితే అతను పక్కసందులోకి తప్పుకునేవాడు.

కంచె పక్క చెట్టొక్కటే పచ్చగా ఉంది. ఎందుకా అని దాని కింద నిలబడి చూశాడు. నాలుగు ఎర్రచీమలు ఆ పురుగును తలోకాలూ పట్టుకుని గూటివైపు ఈడ్చుకుపోతున్నాయి. లోకనాథం అట్నుంచి అటే దాలమ్మ ఇంటికి వెళ్లి, చేసిందంతా ఒక్క గుక్కలో చెప్పేశాడు.

"ఆటిని నేనూ తిట్టినాను బాబూ. తిట్టడం ఏరు, తీసీడం ఏరు," అంది దాలమ్మ. ఇంకా నాలుగు మాటలని ఉంటే అతనికి కాస్త తేలికగా ఉండేది. ఆమె లోపలికెళ్లి కొబ్బరితాళ్ల చుట్ట తెచ్చి అతని ముందు పడేసింది. "పొద్దున్నే మంచులో సీమలు బద్దకంగా ఉంటాయి. అప్పుడు గూళ్లు తెద్దాం, రా."

ఇద్దరూ పక్కతోటవాళ్లను అడిగి గూళ్లున్న కొమ్మలు సంచుల్లోకి కోసి తెచ్చి, ఒక్కో చెట్టుకూ కట్టారు. మొదళ్ల జిగురు గీకేశారు. చీమలు నడవడానికి చెట్టుకీ చెట్టుకీ మధ్య తాళ్లు లాగారు. లోకనాథం చేతులు మోచేతుల దాకా వాచాయి. ఒక్కనాడూ అబ్బా అనలేదు.

పుష్యంలో స్వామి తిరిగి వచ్చేసరికి సగం చెట్లు మళ్లీ చిగిర్చాయి. మిగతావి మోడుల్లాగే ఉన్నాయి. దాలమ్మ ఇంట్లో ఈసారి శ్రావణం దాకా ఎలాగోలా నెట్టుకొచ్చినా, ఆ తర్వాత ఏమిటన్నది ఎవరికీ తెలియదు. లోకనాథం పాఠానికి రాలేదు. తోటలో ఒక తాడు కింద కూర్చుని ఉన్నాడు. చీమలు తాడు మీద సగం దాకా వచ్చి ఆగుతున్నాయి, మీసాలు ఆడించి వెనక్కి మళ్లుతున్నాయి. స్వామిని చూసి, "ఇవి అటువైపు దాటుతాయా స్వామీ? అసలు ఇక్కడ ఉంటాయా?" అని అడిగాడు.

స్వామి పక్కనే నేల మీద కూర్చున్నారు.

"వాటితో నీకున్న అవసరం నీకు తెలిసింది నాయనా. నీతో వాటికి ఏం అవసరముందో, అదే నాకింకా కనబడటం లేదు."