పాలలో చేగోడీ

నోటితో బతికేవాళ్ళకి నోరే మొరాయిస్తే ఇంకేముంది? హైమవతికి సరిగ్గా అదే వచ్చిపడింది.

రేపు సాయంత్రం ఊరి సంబరంలో, మొట్టమొదటిసారి, తను ఒక్కతే నిలబడి హరికథ చెప్పాలి. పందిరి వేసేశారు. మైకులు కట్టేశారు. వీధివీధికీ తన పేరు పెట్టి చాటింపు కూడా అయిపోయింది. ఇవాళ పొద్దున్న లేచి ఆవులిస్తే దవడ టక్కుమని సగంలో ఆగిపోయింది. పూర్తిగా తెరుచుకోదు, మూసుకోదు. చెవి ముందు మేకు దిగ్గొట్టినట్టు ఒకటే పోటు.

కొత్త రోగమేం కాదు. ఏడాదిగా ఉన్నదే. పట్నంలో పళ్ళ డాక్టరు చూసి, "దవడ కీలు దెబ్బతిందమ్మా. నిద్దట్లో పళ్ళు కొరుకుతున్నావు. గట్టివి నమలకు, కాపడం పెట్టుకో, మధ్యమధ్య దవడకి విశ్రాంతి ఇయ్యి. ఒక మాత్రతో పోయేది కాదిది, దీంతో కలిసి బతకడం నేర్చుకోవాలి" అన్నాడు. హైమకి చివరి మాట ఒక్కటే వినపడింది. మిగతావన్నీ గాలికి పోయాయి.

విశ్రాంతంట! హరికథ చెప్పేదానికి!

అసలు హైమ గొప్పంతా ఆగకపోవడంలోనే ఉంది. హరికథలో మధ్యమధ్య దాసు చెయ్యెత్తి "శ్రీమద్రమారమణ గోవిందో" అంటే, జనమంతా ఒక్క గొంతుతో "హారి!" అనడం ఆనవాయితీ. హైమ జనం చేత అలా అనిపించేది కాదు. గురువుగారి కథల్లో ముందు కాసేపు చెప్పమన్నప్పుడల్లా రైలుబండిలా పరిగెత్తేది. పాట, పద్యం, వచనం, మళ్ళీ పాట. "మాట తడుముకునేవాళ్ళకి కావాలి గోవింద, నాకెందుకు?" అనేది.

ఆ మాట ఎవరి మీదో కూడా అందరికీ తెలుసు. గురువుగారు ముత్యాలాంబ భాగవతారిణికి డెబ్బై దాటాయి. గంట కొట్టినట్టుంటుంది గొంతు. కానీ కథలో అడుగడుక్కీ గోవింద అనిపిస్తుంది. ఇంకో వింత, నోటినిండా పళ్ళుండి కూడా ఆవిడ చేగోడీని పాలలో నానబెట్టుకుని మరీ తింటుంది. "అమ్మగారిది భలే పిసినారితనం, పళ్ళు కూడా అరగనివ్వరు" అని హైమ మృదంగం సన్యాసయ్యతో చెప్పి నవ్వేది.

ఇవాళ ఆ నవ్వు లేదు. చెంప పట్టుకుని గురువుగారి ముందు కూలబడింది.

"అమ్మగారూ, నా వల్ల కాదండీ. రేపు కూడా కథ మీరే చెప్పేయండి."

"ఏటే గుంటా! పెళ్ళిపీటల మీంచి లేచిపోతానంటున్నావా?"

"దవడండీ. నోరు తెరిస్తే ప్రాణం పోతోంది. ఇది పోయేది కాదన్నారు డాక్టరుగారు. పోనిదాన్ని పెట్టుకుని కథలేం చెప్పనండీ? గజ్జెలు మీకిచ్చేసి మా ఊరెళ్ళిపోతాను." చెబుతుంటేనే ఏడుపు వచ్చేసింది. చిన్నప్పటి నుంచీ ఆ గజ్జెల కోసమే బతికింది మరి.

ముత్యాలాంబ ఓదార్చలేదు, తిట్టలేదు. గ్లాసులోంచి నానిన చేగోడీ తీసి నిదానంగా నోట్లో వేసుకుంది.

"ఎళ్దువులే. ఇవాళ సాయంత్రం మాత్రం వేదిక మీద నా పక్కన కూచో. నా మెళ్ళో దండ ఊరికే జారిపోతంది, సర్దుదువు."

దండ సర్దడానికా! హైమకి ఒళ్ళు మండింది. అయినా గురువు మాట కదా, వెళ్ళింది.

సాయంత్రానికి పందిట్లో ఇసకేస్తే రాలలేదు. ముత్యాలాంబ చిరతలు మోగించి అడుగు వేసిందో లేదో పిల్లల అల్లరి టక్కున ఆగిపోయింది. కాసేపటికి ఆవిడ చెయ్యెత్తి "శ్రీమద్రమారమణ గోవిందో" అంది. "హారి!" అని పందిరి హోరెత్తింది. ఆ హోరులో ఆవిడ హైమకి సైగ చేసింది.

హైమ లేచి దండ మీద చెయ్యి వేసింది. ఆవిడ ఆ చెయ్యి పట్టుకుని తన చెంప మీదికి, సరిగ్గా చెవి ముందుకి తెచ్చి అదిమి పెట్టుకుంది.

వేళ్ళ కింద కండ తాడులా బిగుసుకుపోయి ఉంది. లోపల కీలు ఇసక పడ్డట్టు గరగరలాడింది. టక్కుమంది. హైమ వేళ్ళకి ఆ టక్కు బాగా తెలుసు, పొద్దున్న తన చెంపలో విన్నదే!

ఆవిడ పెదవులు ఊరికే అలా కలిసి ఉన్నాయి. పళ్ళు మాత్రం తాకలేదు. కింది దవడ వదులుగా వేలాడుతోంది. జనం మళ్ళీ మళ్ళీ "హారి! హారి!" అంటుంటే ఆ బిగువు హైమ వేళ్ళ కిందే మెల్లిమెల్లిగా సడలింది. జనం గొంతులు తగ్గేసరికి ముత్యాలాంబ చెయ్యి వదిలేసి, పదహారేళ్ళ పిల్లలా గిర్రున తిరిగి పాట అందుకుంది.

మళ్ళీ గోవింద, మళ్ళీ దండ జారడం. ప్రతిసారీ అంతే. శిష్యురాలు గురువుగారి బుగ్గలు పుణుకుతోందనుకుని ముందు వరసలో ఆడవాళ్ళు మురిసిపోయారు. హైమకి కళ్ళలో నీళ్ళు ఆగలేదు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అడిగింది. "ఎన్నాళ్ళ నుంచండీ?"

"నువ్వు పుట్టకముందు నుంచి."

"మాకెవ్వరికీ చెప్పలేదేంటండీ?"

"జనం కథ వినడానికొస్తారే. నా దవడ వినడానికా?" అంది ముత్యాలాంబ. "పోయి వేణ్ణీళ్ళ గుడ్డతో కాపడం పెట్టుకుని పడుకో."

మర్నాడు సాయంత్రం ముత్యాలాంబే వంగి శిష్యురాలి కాళ్ళకి గజ్జెలు కట్టింది. హైమ మొసలి పట్టిన ఏనుగు కథ ఎత్తుకుంది.

పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది? వేదిక ఎక్కగానే పూనకం వచ్చినట్టు అదే పరుగు! ఏనుగుల గుంపు అడవి విరుచుకుంటూ వస్తుంటే హైమ కూడా అలాగే వచ్చింది. సన్యాసయ్య మృదంగం వెంటపడి అందుకోలేక చెమటలు కక్కుతున్నాడు. జనం కళ్ళార్పడం లేదు. ఏనుగు మడుగులో దిగింది. మొసలి కాలు పట్టింది.

సరిగ్గా అప్పుడే హైమని దవడ పట్టింది.

నొప్పి చెవిలోంచి నడినెత్తికి పాకింది. తర్వాతి మాట నాలుక మీదే ఉంది, నోరు తెరుచుకోదు. మామూలుగా అయితే ఇంకా పళ్ళు బిగబట్టి లాక్కుపోయేది. బిగబట్టబోయింది కూడా. ఎదురుగా గురువుగారు కూచుని, ఏం తోచనట్టు మెళ్ళో దండ సర్దుకుంటోంది.

హైమ చెయ్యెత్తింది. తెరుచుకున్నంత నోటితోనే అంది.

"శ్రీమద్రమారమణ గోవిందో..."

"హారి!"

అబ్బో, అదేం హోరు! ఇందాకటి నుంచి గొంతులో దాచుకున్నదంతా ఒక్కసారి బయటపెట్టారు జనం. ముందు వరసలో ఓ ముసలాయన చేతులు రెండూ పైకెత్తి లేచి నిలబడ్డాడు. చంకలో బిడ్డలున్న తల్లులు బిడ్డల చేతులెత్తించారు. ఇంతమంది ఇంతసేపూ తమ వంతు కోసం కాచుక్కూచున్నారని హైమకి అప్పుడు తెలిసింది. సిగ్గేసింది, సంతోషం కూడా వేసింది. పెదవులు కలిపి, పళ్ళు విడదీసి, దవడని అలా వేలాడనిచ్చింది. బిగువు సడలింది.

ఆ తర్వాత ఎన్నిసార్లు చెయ్యెత్తిందో! ఎత్తిన ప్రతిసారీ పందిరి ఊగిపోయింది. ఏనుగు ఒడ్డుకి వచ్చింది, కథ కంచికి వెళ్ళింది, హారతి పళ్ళెం తిరిగింది. హైమ పరుగున వచ్చి గురువుగారి కాళ్ళ మీద పడింది. సంతోషం పట్టలేక ఏడుస్తోంది, చెంప పట్టుకునే నవ్వుతోంది.

"నొప్పి పోలేదండీ, అమ్మగారూ!"

"కథ పోయిందా?"

హైమ చెంప మీంచి చెయ్యి తీసేసింది.

సంబరంవాళ్ళు పళ్ళెంనిండా కరకరలాడే చేగోడీలు పెట్టి, రెండు గ్లాసుల పాలు తెచ్చిచ్చారు. హైమ ఒక చేగోడీ తీసి అలవాటుగా నోటిదాకా తెచ్చింది. ఆగింది. పాలలో వేసి, అది నానేదాకా గురువుగారి పక్కన కూచుంది.