సగం కనిపించిన పిట్ట

మేఘాలమెట్ట మీద ఎండ కాసేది రోజుకి ఓ గంట. మిగతా పొద్దంతా మబ్బు చెట్ల మధ్యనే తిరుగుతుంది. కొమ్మలకి నాచు, నాచు నిండా నీళ్లు, కింద జలగలు. అలాంటి చోట మసకపిట్టలు కాపురముంటాయి. బూడిదరంగు ఒళ్లు, గడ్డం కింద ఇటుకరంగు మచ్చ. ఈ మెట్ట మీద తప్ప భూమ్మీద ఇంకెక్కడా ఆ పిట్ట లేదు. ఈ సంగతి మనుషులకి తెలుసు గాని పిట్టలకి తెలియదు. లోకమంతా మసకపిట్టలే ఉన్నాయని, మధ్యలో వేరే జాతులు కూడా కాసిని ఉన్నాయని వాటి అభిప్రాయం.

ఆ మెట్ట మీదే ఒక నక్క ఉండేది. వయసు మళ్లింది, చలికి కీళ్లు పట్టేశాయి. వాగులో చన్నీళ్లలో నిలబడి రాళ్లు తిరగేసి ఎండ్రకాయల్ని పట్టుకోవడమంటే దానికి ఏడుపొచ్చేది. తెలివికి మాత్రం చలి తగల్లేదు.

ఆ ఏడు వానలకి ముందు ఐదుగురు మనుషులు మెట్టెక్కి డేరాలు వేశారు. సామానంతా ఒక కంచరగాడిద మోసుకొచ్చింది. అందరి మెడల్లోనూ నల్లటి బైనాక్యులర్లు వేలాడుతున్నాయి. వాళ్ల పెద్ద కామేశంగారు జువాలజీ లెక్చరరుగా చేసి రిటైరైన మనిషి. మొదటి సాయంత్రమే ఆయన టీ తాగుతూ షరతు పెట్టారు. మసకపిట్టని ఐదుగురూ చూడాలి, గడ్డం కింద మచ్చతో సహా చూడాలి. తోక చూశాను, రెక్క చూశాను అంటే ఒప్పుకునేది లేదు. అందరూ చూశాకే నోటుబుక్కులో పేరు రాయాలి. పేరు రాసిన రోజే డేరాలు పీకాలి.

డేరా వెనక పొదలో కూర్చున్న నక్క ఇదంతా విన్నది. మర్నాడు వాళ్లు ఏదో కూత వినబడగానే సంచులు నేలమీద పడేసి తలలు పైకెత్తారు. నక్క ఒక సంచీలో మూతి పెట్టింది. పులిహోర, చపాతీలు, ఉడకబెట్టిన కోడిగుడ్లు. పెంకు కూడా ఒలిచే ఉంది. గుడ్డుకి పెంకు ఒలిచి పెట్టేవాళ్లు ఈ లోకంలో ఉన్నారని నక్కకి అంతవరకు తెలియదు. తిన్నాక మూతి నాక్కుంటూ ఆలోచించింది. పిట్ట పూర్తిగా కనబడితే వీళ్లు వెళ్లిపోతారు. అసలు కనబడకపోతే విసుగెత్తి వెళ్లిపోతారు. సగం సగం కనబడుతూ ఉంటే మాత్రం ఎక్కడికీ కదలరు.

దగ్గర్లోనే ముళ్లపొదలో ఒక మసకపిట్టల జంట గూడు కట్టుకుని రెండు గుడ్లు పెట్టింది. గూడు నక్కకి అందదు కాబట్టి ఇరుగుపొరుగు సఖ్యతగానే ఉండేవి. నక్క పొదకింద చేరి గొంతు తగ్గించింది.

"కోడలా, ఆ మనుసుల మెడల్లో నల్ల గొట్టాలు సూసినావా?"

"సూసినాను మావా. ఏటవి?" అంది ఆడపిట్ట.

"పిట్టల్ని లాగీసే గొట్టాలు. అందులోంచి నిన్ను తిన్నగా సూసినారంటే పుస్తకంలోకి ఎల్లిపోతావు. మరి సెట్టుమీదకి రావు."

పుస్తకమంటే ఏమిటో పిట్టలకి తెలియదు. నక్క ఓపిగ్గా వాటిని వెంటబెట్టుకుపోయి, రాతిమీద తెరిచి ఉన్న కామేశంగారి పిట్టల బొమ్మల పుస్తకాన్ని దూరం నుంచి చూపించింది. పేజీ నిండా పిట్టలే. పచ్చవి, నల్లవి, ఎర్రతోకవి, అన్నీ ఒకవైపుకే తిరిగి ఉన్నాయి. ఒక్కటీ కదలదు, కూయదు, రెప్ప వాల్చదు. మగపిట్ట వెళ్లి ఆడపిట్ట వెనక దాక్కుంది.

అయితే గూట్లోంచి కదలకుండా కూర్చుంటామంది ఆడపిట్ట. గూట్లో దొరికితే గుడ్లు కూడా పుస్తకంలోకే పోతాయంది నక్క. తను కనిపెట్టుకుని ఉండి ఊళ వేస్తానని, వినగానే ఇద్దరూ లేచి అవతలి తుప్పల్లోకి పోవాలని చెప్పింది. పిట్టలు దానికి దండం పెట్టినంత పనిచేశాయి.

ఇక రోజూ అదే పని. మధ్యాహ్నమయ్యేసరికి నక్క ఊళ వేసేది. పిట్టలు తుప్పల్లోకి దూసుకుపోయేవి. ఆకులు కదిలేవి. ఐదుగురూ సంచులు వదిలేసి వెనకాలే పరిగెత్తేవారు. ఒకరికి తోక కనబడేది, ఒకరికి రెక్క కొస. ఇదే పిట్ట అని ఒకరు, కాదని ఒకరు వాదించుకునేవారు. కామేశంగారు కుదరదనేవారు. తిరిగొచ్చేసరికి సంచీలో ఉల్లిపాయ ముక్కలు మిగిలేవి. ముందు కోతుల పని అనుకున్నారు. ఆ మెట్టమీద కోతులు లేవని గుర్తొచ్చాక ఒకళ్లనొకళ్లు కాస్త అనుమానంగా చూసుకున్నారు. అయినా సంచులు కొమ్మకి తగిలించాలని ఎవరికీ తోచలేదు. పిట్ట తోక కనబడ్డ మనిషికి వేరే ఏదీ గుర్తుండదు.

తొమ్మిది రోజులు గడిచాయి. నక్క ఒళ్లు చేసింది. గూట్లో గుడ్లు మాత్రం రోజూ గంటా రెండు గంటలు మబ్బులో తడిసి చల్లబడుతున్నాయి. తొమ్మిదో రోజు సాయంత్రం తిరిగొచ్చి పొదిగితే, ఒక గుడ్డు ఎంతసేపటికీ వెచ్చబడలేదు. గూటికి ఇంకాస్త మెత్తటిదేదైనా వేస్తే నయమేమోనని, మనుషులు డేరాల్లోకి దూరాక ఆడపిట్ట బయట రాలిన గాడిద వెంట్రుకల కోసం వెళ్లింది.

కంచరగాడిద గడ్డి నములుతూ దాన్ని కాసేపు చూసింది. ఆ జీవానికి తొందరంటే ఏమిటో తెలియదు.

"దేనికే అమ్మీ ఆ యెంటికలు?"

పిట్ట ఏడుపు ఆపుకుంటూ అంతా చెప్పింది. గొట్టాల సంగతి, పుస్తకం సంగతి, నక్క మావ చేస్తున్న మేలు, చల్లబడిన గుడ్డు. గాడిద నమలడం ఆపింది.

"ఆ పుస్తకం నా ఈపుమీదే కొండెక్కినాది. ఎక్కకముందే నీ బొమ్మ అందులో ఉన్నాది. ఎల్లి సూసుకో."

పుస్తకం రాతిమీదే ఉంది. మధ్యలో ఎర్ర రిబ్బను పెట్టి తెరిచి ఉంది. పిట్ట భయపడుతూనే దాని అంచుమీద వాలింది. బూడిదరంగు ఒళ్లు, గడ్డం కింద ఇటుకరంగు మచ్చ. తను పుస్తకంలో ఉంది. పుస్తకం మీద కూడా ఉంది. ముక్కుతో బొమ్మని ఒక పోటు పొడిచి చూసింది. తనకేమీ నొప్పెయ్యలేదు. తొమ్మిది రోజులుగా దేన్ని చూసి గుడ్లు వదిలి పారిపోయిందో అర్థమయ్యాక దానికి ముందు సిగ్గేసింది, తర్వాత ఒళ్లు మండింది.

"ఈళ్లు ఎప్పుడెల్తారు తాతా?" అని అడిగింది తిరిగొచ్చి.

"ఐదుగురూ నిన్ను గెడ్డం కింద మచ్చతో సహా సూసిననాడు. ఎనకటి కొండమీద గుప్పెడంత పిట్టకోసం పదకొండు రోజులున్నారు. సూసినారు, రాసుకున్నారు, పొద్దు వాలకముందే నా ఈపుమీద డేరాలు కట్టీసినారు."

మర్నాడు నక్క ఎప్పట్లాగే ఊళ వేసింది. మగపిట్ట రెక్కలు విప్పింది. ఆడపిట్ట దాన్ని గుడ్లమీద కూర్చోమని గట్టిగా చెప్పి, తను ఒక్కతే బయటికి ఎగిరి ఆకులేని ఎండుకొమ్మ చివర వాలింది. భయం పోలేదు. అయినా గడ్డం పైకెత్తి కదలకుండా కూర్చుంది.

నాలుగు బైనాక్యులర్లు దానివైపు తిరిగాయి. ఐదోది తిరగలేదు. ఐదో ఆయన కళ్లద్దాలకి మబ్బు పట్టేసి, చొక్కా అంచుతో తుడుచుకుంటున్నాడు. ఒకవైపు తుడిస్తే రెండోవైపు పడుతోంది.

నక్క అప్పుడు సంచీలో ఉంది. నోట్లో రెండు కోడిగుడ్లున్నాయి. ఏదో తేడాగా తోచి తల ఎత్తి చూస్తే, కోడలు పదిమంది చూసేలా కొమ్మచివర కూర్చుని ఉంది. అరవాలంటే గుడ్లు వదలాలి, వదలబుద్ధి కావడం లేదు. చివరికి ఉమ్మేసి కొమ్మకిందికి పరిగెత్తింది.

"కోడలా, పారిపో. గొట్టాలు నీమీదే ఉన్నాయి. పుస్తకంలోకి ఎల్లిపోతావు."

"నానందులో ఎప్పుడో ఉన్నాను మావా," అంది పిట్ట, గడ్డం దించకుండా.

నక్క చెట్టు మొదట్లో ఎగిరెగిరి పడింది, బెరడుని గోళ్లతో గీరింది, ఉన్న గొంతంతా పెట్టి ఊళ వేసింది. మనుషులు ఒక్కసారి కిందికి చూశారు. నక్క మూతికి పులిహోర మెతుకులు అంటుకుని ఉన్నాయి. ఇన్నాళ్లూ ఒకళ్లనొకళ్లు అనుమానించుకున్న ఐదుగురికీ సంగతి తెలిసిపోయింది. కామేశంగారు చప్పుడు చెయ్యొద్దని సైగ చేశారు. దగ్గర్లో మేస్తున్న కంచరగాడిదే తాపీగా నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి, ఒక్క తాపు తన్నింది. నక్క వెళ్లి తుప్పల్లో పడింది.

పిట్ట అప్పటికీ కదల్లేదు. కింద ఒకాయన ఇంకా అద్దాలు తుడుచుకుంటున్నాడు. ఆయన చూస్తేగాని ఎవరూ రాయరు, ఎవరూ వెళ్లరు. అందుకని కూర్చునే ఉంది. ఆఖరికి ఆయన అద్దాలు పెట్టుకుని, బైనాక్యులర్లు ఎత్తి, మచ్చ చూసి, గట్టిగా ఊపిరి వదిలాడు. అది వినబడ్డాకే పిట్ట గూటికి ఎగిరిపోయింది.

నోటుబుక్కులో పేరు ఎక్కింది. ఐదుగురూ చేతులు కలుపుకున్నారు. రెండు గంటలకల్లా డేరాలు గాడిద వీపుమీద ఉన్నాయి.

నక్క కుంటుకుంటూ దారి పక్కకి వచ్చింది. తన్నిన గాడిదనే అడగక తప్పలేదు.

"మళ్లీ ఎప్పుడొస్తారు?"

"రారు. రాసీసినారు కదా," అంది గాడిద నడుస్తూనే. "రాసీసిన పిట్టకోసం ఎవులూ రారు."

ఆ గూట్లో ఒక పిల్లే లేచింది. రెండో గుడ్డుమీద తల్లి ఇంకో వారం కూర్చుంది గాని లాభం లేకపోయింది. పిల్లకి రెక్కలొచ్చేనాటికి వానలు పట్టుకున్నాయి. నక్క వాగులో మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి రాళ్లు తిరగేస్తోంది. ఒంటికి పట్టిన కొవ్వు అప్పటికే కరిగిపోయింది, తన్ను తగిలిన కాలు చలికి సలుపుతోంది, ఎండ్రకాయలు దానికంటే చురుగ్గా ఉన్నాయి.

ఎదుటివాళ్ల భయం మీద కంచం పెట్టుకున్నవాడు, ఆ భయం తీరిన రోజునుంచే పస్తులుంటాడు.