పిల్లి తిండికి ఏడాది లెక్క

మద్దిలేటి ఇంట్లో ఉండేది ముగ్గురు: మద్దిలేటి, అతని భార్య చౌడమ్మ, తమ్ముడు ఓబులేసు. ముగ్గురికి ముగ్గురూ మహా తెలివైనవాళ్ళు. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు లెండి, వాళ్ళే అనుకునేవాళ్ళు. ఆలోచించాల్సి వస్తే తెలివి బయటికి పోతుందేమోనని తలుపు వేసుకుని మరీ ఆలోచించేవాళ్ళు.

ఆ ఏడు వాళ్ళ కొట్టుగదిలో వేరుశనగ విత్తనం మూటలున్నాయి. వాన పడగానే అవి చేలో పడాలి. పడకపోతే వచ్చే ఏడు పొయ్యిలో పిల్లి లేవదు. ఆ మూటలకి ఎలుకలు పట్టాయి. మద్దిలేటి అత్తగారి ఊరికి పోయి ఒక నల్లపిల్లిని సంకలో పెట్టుకుని వచ్చాడు.

చౌడమ్మ దాన్ని ఎగాదిగా చూసింది. "తెచ్చినావు సరే. దీని తిండికి ఎంతవుతుందో లెక్క చూసినావా?"

మద్దిలేటి చూడలేదు. వెంటనే తలుపు వేశారు.

"పాలు పోయాల" అన్నాడు మద్దిలేటి.

"పాలంటే ఆవు కావాల" అంది చౌడమ్మ.

"ఆవుకి గడ్డి కావాల వదినా. గడ్డికి ఇంకో చేను కావాల" అన్నాడు ఓబులేసు.

పిల్లి కోసం చేను కొనాలా అని ముగ్గురూ తలలు పట్టుకుని కూర్చున్నారు. పక్క చేను బసప్ప అటుగా పోతూ కిటికీలోంచి విన్నాడు.

"పిల్లికి తిండి ఎలుకలే కదరా. ఇంటినిండా ఉన్నాయి. మీకేం ఖర్చు?" అని నవ్వుకుంటూ పోయాడు.

అంతే, ముగ్గురి మొహాలూ వెలిగిపోయాయి. పిల్లిని కొట్టుగదిలోకి వదిలారు. అది వదిలీ వదలగానే మూడు ఎలుకల్ని పట్టి తినేసింది.

చౌడమ్మ గుండె బాదుకుంది. "ఓ పూటకే ఇన్నా? ఇట్ల తింటే పండగ నాటికి దీనికేం మిగుల్తుంది?"

ఇంకేముంది, పిల్లిని గుంజకి కట్టేశారు. రోజుకి ఒక్క ఎలుక, అదీ చిన్నది. పట్టుకొచ్చే పని ఓబులేసుకి పడింది. బుట్ట చేత్తో పట్టుకుని కొట్టుగదంతా మోకాళ్ళ మీద పాకేవాడు. సాయంత్రానికి ఒక్కటి దొరికితే దొరికినట్టు. దాన్ని తోక పట్టుకుని ఎత్తి చూసి, "అన్నా, ఇది మరీ బక్కగా ఉంది. పిల్లికి ఏం ఆనుతుంది?" అన్నాడు.

"అయితే ఎలుకలకి బాగా పెట్టాల" అన్నాడు మద్దిలేటి.

"వాటి తిండి ఖర్చో?" అంది చౌడమ్మ.

"ఖర్చేముందే. కొత్తగా ఏం కొనాల? అవి తినేది మన కాయలే కదా."

ఆ తెలివికి చౌడమ్మ మొగుణ్ణి చూసి మురిసిపోయింది. మూటల మూతులు విప్పి, కన్నం కన్నం దగ్గరా కాయలు పోసింది. ఒలుచుకోలేక అవి నీరసపడతాయేమోనని, మర్నాటినుంచి తనే ఒలిచి పప్పులు పెట్టింది. ఎలుకలు పందికొక్కుల్లా బలిశాయి. వాటి చుట్టాలూ వచ్చారు. గోడ కింద పరుగులు వింటూ ముగ్గురూ హాయిగా పడుకునేవాళ్ళు.

"పిల్లికి పదేళ్ళ తిండి పోగుచేసినాం" అనేవాడు మద్దిలేటి.

వాన పడింది. మంచి వాన. ముగ్గురూ కొట్టుగదిలోకి పరిగెత్తారు. మూటల్లో ఒక్క గింజ లేదు.

చౌడమ్మ కూలబడింది. "ఇప్పుడేం విత్తుతాం? ఏం తింటాం?"

ఓబులేసు చాలాసేపు ఆలోచించాడు. "ఏడవొద్దు వదినా. విత్తనం యాడికీ పోలేదు. గింజలు ఎలుకల్లో ఉన్నాయి. ఎలుకలు పిల్లిలో ఉన్నాయి."

అంతే. పిల్లిని చేలోకి మోసుకుపోయారు. మద్దిలేటి సాలు తీశాడు. చౌడమ్మ పిల్లిని మెల్లగా అందులో కూర్చోబెట్టింది. ఓబులేసు తాడు విప్పి, దాని వీపు మీద గుప్పెడు మన్ను చల్లాడు. పిల్లి ఒళ్ళు దులుపుకుని, ఒక్క దూకు దూకి, గట్టు దాటి బసప్ప చేలో పడింది.

ముగ్గురూ బసప్ప దగ్గరికి పోయి చేతులు కట్టుకు నిలబడ్డారు.

"బసప్పన్నా, మా విత్తనం మీ చేలోకి వచ్చింది. పంటలో సగం మాది" అన్నాడు మద్దిలేటి.

సంగతంతా విని బసప్ప కడుపు పట్టుకుని, గట్టు మీద కూర్చుని నవ్వాడు. నవ్వి నవ్వి, ముగ్గురి మొహాలూ చూసి ఆగిపోయాడు. ఇంటికి పోయి తన విత్తనంలోంచి ఒక మూట తెచ్చాడు.

"నేల పదును ఆరకముందే ఈ మూట తీసుకుపోయి నాటుకోండి. పంట చేతికొచ్చినాక తిరిగిద్దురులే."

చౌడమ్మకి కళ్ళ నీళ్ళు తిరిగాయి. మూట మోసుకుంటూ చేలోకి వచ్చారు. ఈసారి తప్పు జరగకూడదు.

"పోయినసారి విత్తనాన్ని కట్లు విప్పి నాటినాం. అందుకే పారిపోయింది" అన్నాడు మద్దిలేటి.

పిల్లిని కట్టిన తాడుతోనే మూట మూతిని మూడు చుట్లు బిగించారు. నడుంలోతు గుంత తవ్వి, మూటని నిలువునా దించి, మన్ను కప్పి, ముగ్గురూ ఎక్కి తొక్కారు.

ఓబులేసు చెమట తుడుచుకుంటూ అన్నాడు: "అన్నా, మూట నాటినాం కాబట్టి మూటలే కాస్తాయి. సంచుల ఖర్చు కూడా మిగిలింది."