మూడు వందల ప్రయాణాలు

ఎన్నో తరాల వెనక, మబ్బుల మీద గాలిఓడలు తిరిగే రోజుల్లో, పవనపురి అనే రాజ్యం ఉండేది. అక్కడ వకుళ అనే అమ్మాయి ఓడ నడపడం నేర్చుకునే చిన్న సరంగుగా చేరింది. ఆ విద్య నేర్పించడానికి తల్లి తన మగ్గమే అమ్మేసింది.

పెద్ద సరంగు పక్కన కూర్చుని మూడు వందల ప్రయాణాలు చేస్తేగానీ చుక్కాని చేతికివ్వరు. అందాకా నెలకు రెండు కుంచాల జొన్నలే జీతం. తల్లీ కూతుళ్ళు గంజి పలచన చేసుకుని తాగేవారు.

తోటి చిన్న సరంగు రేవంతుడు ఒకనాడు చెవిలో చెప్పాడు. "వకుళా, ఏడు ప్రయాణాలు చేస్తే లెక్కల తాటాకు మీద పది అని రాసుకో. తాటాకుల్ని ఎవరు చూడొచ్చారు?"

"ఓడని నడపాల్సింది తాటాకు కాదు, నా చెయ్యి" అంది వకుళ. ఏడాది తిరగకుండానే రేవంతుడు పెద్ద సరంగయ్యాడు.

తర్వాత పొరుగుదేశపు వర్తకుడొచ్చాడు. "మా ఓడెక్కు తల్లీ. రేపే పెద్ద సరంగు పీట, పది కుంచాల బియ్యం!"

"మీ దగ్గర ఎన్ని ప్రయాణాలు చెయ్యాలి?"

"కూర్చుంటే చాలు."

బియ్యం మాటకి వకుళ నోరూరింది. అయినా దణ్ణం పెట్టి, రానంది.

మూడోసారి పరీక్ష రాజుగారి రూపంలో వచ్చింది. మణికేతు మహారాజు కొండల అవతలికి బయలుదేరాడు. చుక్కాని రేవంతుడిది, పక్కన వకుళ. దాటాల్సిన కనుమంతా పొగమంచు.

"ఓడ కదలాలి! ఆలస్యమైతే ఇద్దరికీ కొలువుండదు" అని గద్దించాడు ఓడల యజమాని విపణిదత్తుడు.

రేవంతుడు చుక్కాని వైపు చెయ్యి చాచాడు. వకుళ లేచి నిలబడింది.

"ప్రభూ, కదలొద్దు. ఇలాంటి మంచు పట్టినప్పుడల్లా కొండ మీది గాలి ఓడని కిందికి తోస్తుంది, నా ప్రయాణాల్లో చూశాను."

"నువ్వు చిన్న సరంగువి. పెద్ద సరంగు ఏమంటాడు?" అని అడిగాడు రాజు.

రేవంతుడు తలొంచుకున్నాడు. "నాకు తెలియదు ప్రభూ. నేను రాసుకున్న ప్రయాణాల్లో చాలా చెయ్యనివే. ఇంట్లో పిల్లలు పస్తులుంటే ఆగలేకపోయాను."

రాజు ఆగాడు. మధ్యాహ్నానికి మంచు విడింది. కనుమలోని ఇనుప ధ్వజస్తంభం గాలికి రెండుగా విరిగి పడి ఉంది.

"ఇవాళే పెద్ద పీట నీది" అన్నాడు రాజు.

"ఇంకా నలభై ప్రయాణాలున్నాయి ప్రభూ, అవి చేశాకే కూర్చుంటాను. ఇవ్వదలిస్తే చిన్న సరంగులకి కడుపు నిండే జీతం ఇప్పించండి. ఆకలితో ఉన్నవాడు యజమానికి ఎదురు చెప్పలేడు. రేవంతుణ్ణి కూడా మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోనివ్వండి."

రాజు సరేనన్నాడు. ఆనాటి నుంచి చిన్న సరంగులకు ఆరు కుంచాలు కొలిచారు. నలభై ప్రయాణాలూ పూర్తిచేసిన రోజున, వకుళ తలెత్తుకుని వెళ్ళి చుక్కాని పట్టుకుంది.

పిల్లలూ, నీతి ఇదీ: చేసిన పనితో వచ్చిన హోదాయే నిలుస్తుంది, ఆ పని నిజాయితీగా సాగాలంటే చేసేవారి కడుపు నిండాలి.