మకరందుడి ఆటకు సాక్షి

అనగా అనగా ఒక రాజు. రాజంటే అలాంటి ఇలాంటి రాజు కాదర్రా పిల్లలూ! ఆయన తుమ్మితే పక్క రాజ్యంలో కోట తలుపులు మూసుకునేవారు. ఆయన పేరు ఉద్దండవర్మ, ఏలే రాజ్యం తామ్రగిరి. ఆయనకు ముగ్గురు కొడుకులు.

ఒకనాడు రాజు ముగ్గురినీ పిలిచి, "నాయనలారా, ఏం పని చేసి బతుకుతారు?" అని అడిగాడు.

పెద్దవాడు "కత్తి పట్టి బతుకుతాను" అన్నాడు. రాజు "భేష్" అన్నాడు. రెండోవాడు "కలం పట్టి బతుకుతాను" అన్నాడు. రాజు మళ్ళీ "భేష్" అన్నాడు. మూడోవాడు మకరందుడు. వాడు "గజ్జె కట్టి బతుకుతాను" అన్నాడు. రాజు అలవాటుగా "భే..." అనబోయి, నాలుక కరుచుకున్నాడు.

"గజ్జె కట్టి బతకడమేమిట్రా?"

"మేళంతో ఊరూరా తిరిగి ఆడతాను నాన్నగారూ. జనం చూసి మెచ్చి పెట్టింది తింటాను."

"సరదాకి ఆడుకో, వద్దన్నదెవరు? కూటికోసం ఆడే ఖర్మ నీకేమిటి?"

"సరదాకి ఆడేవాడు ఎప్పుడైనా మానెయ్యచ్చు. నేను మానలేను నాన్నగారూ."

మానలేడు మరి! వాడు గిరగిరా తిరిగితే ఆ గాలికి మూడూళ్ళ రైతులు ధాన్యం తూర్పారబట్టుకునేవారు. వాడు పాదం కొడితే బావిలో నీళ్ళు ఎగిరొచ్చి బిందెల్లో పడేవి. చూశావా తాతా అంటారా? చూడకపోతే ఇంత వివరంగా ఎలా చెబుతాను!

రాజు మాత్రం నవ్వాడు. "పిచ్చివాడా, జనం మెచ్చేది నీ ఆటని కాదు, నా కొడుకుని. కావాలంటే రేపు సభలో ఆడుతూ ఆడుతూ కింద పడి చూడు."

మర్నాడు మకరందుడు నిండు సభలో ఆడుతూ కావాలనే దబ్బున పడ్డాడు. సభంతా లేచి నిలబడింది. "ఆహా, ఎంత లలితంగా పడ్డారు!" అన్నాడు ఒక పండితుడు. "అరవై ఏళ్ళుగా చూస్తున్నాను, ఇలా పడడం ఎక్కడా ఎరగను" అన్నాడు సేనాపతి. సాయంత్రానికి తామ్రగిరిలో పిల్లా పెద్దా అందరూ అలా పడడం నేర్చుకుంటూ మోచేతులు చెక్కుకుపోయి తిరిగారు.

మకరందుడికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇన్నాళ్ళూ విన్న చప్పట్లలో ఏవి నిజం? ఏవీ కాదా? అసలు తనకు ఆట వచ్చా, రాదా?

"నాకు భయపడనివాడు, నా దగ్గర ఏమీ ఆశించనివాడు ఒక్కడు సాక్షి చెప్పాలి, నీ ఆట బాగుందని" అన్నాడు రాజు. "అప్పుడు నువ్వు ఏ మేళంతో పోయినా అడ్డు చెప్పను. అలాంటి సాక్షిని తేలేకపోతే గజ్జెలు విప్పేసి ఉత్తరపు కోట వాకిట్లో సుంకాలు వసూలు చేసుకో."

అలాంటివాడు తామ్రగిరిలో ఎక్కడున్నాడు? మంత్రి చాలాసేపు గడ్డం గోక్కుని, "ఏడు సముద్రాల అవతల ధూమ్రకేశుడనే మాంత్రికుడున్నాడు. వాడికి ఏ రాజన్నా లెక్క లేదు, వాడికి కావలసిందీ ఏమీ లేదు. కానీ తన ముందు ఆడి మెప్పించలేని వాళ్ళను రాళ్ళను చేసేస్తాడట" అన్నాడు.

మకరందుడు నగలు తీసేశాడు, ముతక పంచె కట్టాడు, గజ్జెలు మూటగట్టుకుని బయలుదేరాడు.

సముద్రపు ఒడ్డున ఒక చేప తల పైకెత్తింది. చేపంటే మీరు కూరొండుకునే చేప కాదు, దాని వీపు మీద రెండు ఊళ్ళు కట్టుకోవచ్చు. "ఎక్కడికోయ్? ఓసారి ఆడి చూపించు, దాటిస్తాను" అంది. మకరందుడు ఆడాడు.

"అంతా బాగుంది గానీ, మధ్యమధ్య కళ్ళు మూసి తెరుస్తావేం? అక్కడే చెడింది. రెప్ప వెయ్యకుండా ఆడు" అని చేప వాణ్ణి ఏడు సముద్రాలూ దాటించింది. ఒక సముద్రం నిండా నురుగు, ఒక సముద్రం నిండా నిప్పు, ఒక సముద్రం నిండా నిద్ర. మిగతా నాలుగింటి సంగతి చెబితే మీరు జడుసుకుంటారు.

అవతల దట్టమైన మంచు. అక్కడొక కొంగ. "ఆడి చూపించు, మంచు దాటిస్తాను" అంది. మకరందుడు రెప్ప వెయ్యకుండా ఆడాడు.

"కళ్ళ సంగతెవడికి కావాలి? ఒంటికాలి మీద నిలబడ్డావు చూడూ, అదీ ఆటంటే! రెండో కాలు కింద పెట్టి పాడు చేశావు" అని కొంగ వాణ్ణి ముక్కున కరుచుకుని ఎగిరింది.

మంచుకవతల కొండంత రాతిగోడ. అక్కడొక ఎండ్రకాయ. "ఆడి చూపించు, గోడకు కన్నం పెడతాను" అంది. మకరందుడు రెప్ప వెయ్యకుండా, ఒంటికాలి మీద ఆడాడు.

"ముందుకు గెంతుతావు, వెనక్కి గెంతుతావు, ఏమిటయ్యా ఈ గందరగోళం? ఒక్కసారి పక్కకు జరిగావు, అప్పుడు మాత్రం నా కళ్ళు చల్లబడ్డాయి."

మకరందుడి బుర్ర గిర్రున తిరిగింది. ముగ్గురూ తనెవరో ఎరగనివాళ్ళే, ముగ్గురూ నిజమే చెప్పారు. మరి మూడు నిజాలూ మూడు దారుల్లో పోతున్నాయేం? రెప్ప వెయ్యకుండా, ఒంటికాలి మీద, పక్కకు గెంతి చూశాడు. ఇసుకలో బోర్లా పడ్డాడు.

"ఇప్పుడు కుదిరింది!" అని ఎండ్రకాయ డెక్కలు టపటపలాడించి, గోడకు కన్నం పెట్టింది.

లోపల పెద్ద మండపం. దాని నిండా రాతి మనుషులు. ఒకడు చెయ్యెత్తి, ఒకడు కాలెత్తి, ఒకడు మద్దెల మీద వంగి. మధ్యలో ఒక పిల్ల తాళాలు పట్టుకుని కూర్చుంది. ఆమె పేరు తారావళి. ఆమె తండ్రి మేళం నాయకుడు. మేళమంతా రాళ్ళై నిలబడి ఉంటే, వచ్చినవాళ్ళకు తాళం వెయ్యడానికి మనిషి కావాలని మాంత్రికుడు ఈమెను మాత్రం మిగిల్చాడు.

"ఇంకొకడొచ్చాడు" అంది తారావళి. "ఏమయ్యా, ఆ స్తంభం పక్కన చోటు ఖాళీగా ఉంది. ముక్కు మీద ఈగ వాలినా తోలుకునే వీలుండదు. కాస్త సుఖమైన భంగిమ చూసుకుని రాయైపో."

"మాంత్రికుడికి ఏం నచ్చుతుంది?"

"ఏమీ నచ్చదు. వాడి ప్రాణం వాడి ఒంట్లో లేదు. అదుగో, ఆ పంజరంలో చిలుకలో ఉంది. వాడి గుండెలో ఉన్నది ఉత్త పొగ."

అంతలో జుట్టులోంచి పొగలు కక్కుతూ ధూమ్రకేశుడు వచ్చి, ఆవులించి, "ఊఁ, ఆడు" అన్నాడు.

మకరందుడు చేప చెప్పినట్టు రెప్ప వెయ్యకుండా ఆడాడు. మాంత్రికుడు ఆవులించాడు. మకరందుడి పాదాలు రాయి అయ్యాయి. కొంగ చెప్పినట్టు ఒంటికాలి మీద నిలబడబోయాడు. మాంత్రికుడు ఆవులించాడు. పిక్కలు రాయి అయ్యాయి. ఎండ్రకాయ చెప్పినట్టు పక్కకు జరగబోయాడు. మోకాళ్ళు రాయి అయ్యాయి.

"ఏమ్మా, నువ్వైనా చెప్పు, నా ఆట ఎలా ఉంది?" అన్నాడు దీనంగా.

"నేను తాళం చూసుకుంటున్నాను. నిన్నెవరు చూశారు?" అంది తారావళి.

అప్పుడు మకరందుడికి తట్టింది. రెప్ప లేని చేప రెప్పను చూసింది. ఒంటికాలి కొంగ కాలును చూసింది. ఎవరి ప్రాణం ఎక్కడుంటే వాళ్ళు అక్కణ్ణించే చూస్తారు. మరి ఈ మండపంలో చూసే ప్రాణం ఏది? ఇన్నాళ్ళూ అందరూ పొగ ముందు ఆడారు!

నడుము తిప్పి చిలుక వైపు తిరిగాడు. ఆడడానికి కాళ్ళు లేవు, చేతులూ ముఖమూ ఉన్నాయి. పంచె కొంగు తల మీదికి లాక్కున్నాడు. అంతే, అక్కడ మకరందుడు లేడు. ఒడ్డున కూర్చున్న ఒక ముసలి బెస్త తల్లి ఉంది. కొడుకు గాలివానలో పడవ వేసుకుపోయాడు, తిరిగి రాలేదు. వచ్చిన ప్రతి అలనూ ఆమె "చూశావా?" అని అడిగింది. పోయే ప్రతి అలకూ "చెప్పు" అని చెప్పి పంపింది. వల చిరుగులు కుడుతూ సూది ఆపి, తలెత్తి, చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుంది. దూరాన ఏదో పడవ. పడవేనా? కెరటమా?

చిలుక కళ్ళల్లో నీళ్ళు. ధూమ్రకేశుడు ఉలిక్కిపడి చెంపలు తడుముకున్నాడు. "ఇదేమిటి, నాకు చెమట కళ్ళల్లోంచి పడుతోందేమిటి?" అంటూ తడబడుతూ పోయి, ఏడుస్తున్న చిలుకను ఓదార్చబోయి పంజరం తలుపు తీశాడు. చిలుక తుర్రుమని వచ్చి మకరందుడి భుజం మీద వాలింది. మాంత్రికుడి పట్టు సడలింది, మోకాళ్ళ రాయి కరిగింది. మకరందుడు ఆట ఆపి చిలుకను పట్టుకున్నాడు.

"మెడ విరిచెయ్!" అని అరిచింది తారావళి.

మాంత్రికుడు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "విరిస్తే విరుచుకో బాబూ. ముందు ఒక్క ముక్క చెప్పి విరువు. ఆ పడవలో ఉన్నది కొడుకేనా?"

మకరందుడు చిలుకను మళ్ళీ భుజం మీదికి ఎక్కించుకున్నాడు.

"ప్రాణం పోతున్నా కథ అడుగుతున్నాడు. ఇంతకన్న సాక్షి ఎవడు దొరుకుతాడయ్యా నీకు?" అంది తారావళి.

"అదే తెలియడం లేదు" అన్నాడు మకరందుడు తల పట్టుకుని. "ఇందాకటిదాకా వీడికి ఎవరన్నా భయం లేదు. ఇప్పుడు వీడి ప్రాణం నా చేతిలో ఉంది. ఇప్పుడు వీడు మెచ్చినా భయంతో మెచ్చాడంటారు కదా!"

ఏం చెయ్యాలో తోచక, "మిగతా ఆట మా ఊళ్ళో ఆడతాను, ముందు ఈ రాళ్ళను మనుషుల్ని చెయ్యి" అన్నాడు. మాంత్రికుడు క్షణంలో చేశాడు. తారావళి తండ్రిని కావలించుకుని, అప్పటిదాకా దాచుకున్న ఏడుపంతా ఏడ్చింది. తరవాత మాంత్రికుడు మేళాన్నంతటినీ పొగ మీద ఎక్కించుకుని తామ్రగిరిలో దింపాడు.

ఉద్దండవర్మ సాక్షిని చూశాడు, కొడుకు భుజం మీది చిలుకను చూశాడు. "చెల్లదు. వీడి పీక నీ చేతిలో పెట్టుకుని వీడి చేత సాక్ష్యం చెప్పిస్తావా?" అన్నాడు.

"నాకూ అదే అనుమానం నాన్నగారూ" అన్నాడు మకరందుడు. చిలుకను మాంత్రికుడికిచ్చేశాడు. "రేపటి నుంచి సుంకాల వాకిట్లో కూర్చుంటాను. ఇవాళ మాత్రం ఆట పూర్తి చెయ్యనివ్వండి. మాటిచ్చాను."

మధ్యాహ్నం సభలో మేళం కట్టారు. మకరందుడు రాజు చూస్తుండగానే ముఖానికి రంగు పూసుకున్నాడు, చీర కట్టాడు. రాజు ముఖం పక్కకు తిప్పుకుని కూర్చున్నాడు.

మద్దెల మోగింది. బెస్త తల్లి ఒడ్డుకొచ్చింది. రాజు ఓరకంట చూశాడు. ఆమె అలలను అడిగింది. రాజు ఇటు తిరిగాడు. ఆమె వల కుట్టింది. రాజు సింహాసనం అంచుకు జరిగాడు. ఆమె తలెత్తి దూరాన పడవను చూసింది. రాజు గడ్డం తడిసి ముద్దయింది. ఉన్నట్టుండి లేచి, సభంతా కలయజూసి కేకపెట్టాడు.

"మకరందుడేడీ? మా వాడేడీ? ఎక్కడున్నా పిలుచుకు రండి! వాడు చూడవలసిన ఆట ఇది!"

మంత్రి బుర్ర గోక్కున్నాడు. "ప్రభూ, చిన్నరాజావారు... అదుగో..."

"ఆ ముసలితల్లిని చూపిస్తావేమయ్యా? నేనడిగేది నా కొడుకుని!"

కొడుకై "నాన్నా" అని పలకాలో, తల్లై పడవకేసి చూస్తూ ఉండాలో మకరందుడికి పాలుపోలేదు. తారావళి తాళం ఆగలేదు. టింగ్, టింగ్. ఆ తాళం పట్టుకుని బెస్త తల్లి నీళ్ళలోకి పరిగెత్తింది. పడవలోంచి దూకిన కొడుకును రెండు చేతులా పొదువుకుంది. ఆ చేతుల్లో ఎవరూ లేరు, అయినా సభంతా వాణ్ణి చూసింది.

"కొడుకే! కొడుకే!" అని మాంత్రికుడు గెంతాడు.

మకరందుడు రంగు కడుక్కుని వచ్చి ఎదురుగా నిలబడ్డాక, రాజు కళ్ళు తుడుచుకున్నాడు. తరవాత మంత్రి వైపు తిరిగాడు.

"నాకు ఉద్దండవర్మంటే భయం ఉందా?"

"లేదు ప్రభూ."

"ఆయన దగ్గర నేను ఆశించేది ఏమన్నా ఉందా?"

"అదెలా ఉంటుంది ప్రభూ?"

"అయితే సాక్షి దొరికాడు" అని రాజు కొడుకును కావలించుకున్నాడు. సరిగ్గా కడగని రంగు కాస్త ఆయన మీసానికి అంటుకుంది.

మకరందుడికీ తారావళికీ పెళ్ళయింది. ఆ పెళ్ళి విందులో పప్పు కలపడానికి తెడ్లు చాలక పడవలు దింపారు. తామ్రగిరిని అన్నలిద్దరూ ఏలారు. మకరందుడూ తారావళీ మేళం కట్టుకుని, ఊరూరా ఆడి, జనం పెట్టింది తిని, జనం కళ్ళను నూరేళ్ళు ఏలారు. ఆట ఎక్కడైతే అక్కడ జనంలో ధూమ్రకేశుడు చిలుకను భుజాన పెట్టుకుని కూర్చునేవాడు. మా ఊరొచ్చినప్పుడు "తల వంచండర్రా, మా చిలుకకు కనబడడం లేదు" అని ముందు కూర్చున్నవాళ్ళను కసిరాడు కూడా. ఆ వంచిన తల నాదే!