నీళ్ళడిగిన బొమ్మ

అనగనగా అన్నానంటే నువ్వు ఊఁ కొట్టాలి. కొట్టకపోతే కథ ఉన్నచోటే కూలబడుతుంది, నన్నడగొద్దు.

అనగనగా స్వర్ణముఖి ఏటి ఒడ్డున ఒక ఊళ్ళో చెంగల్రాయుడని ఒక సైనికుడు. సైనికుడంటే కిరీటమూ, గుర్రమూ అనుకునేవు! అవన్నీ రాజుగారివి. మనవాడికి ఉన్నది ఒక బల్లెం, ఒక తలపాగా. యుద్ధం అయిపోయింది, రాజు గెలిచాడు, చెంగల్రాయుడు ఇంటికొచ్చాడు. పెళ్ళాం మునెమ్మ దిష్టి తీసింది. కూతురు పొన్ని, అచ్చం నీ ఈడుదే, నాయన మెడ పట్టుకుని వేలాడింది.

ఇంటికి అతనైతే వచ్చాడు గానీ, కంటికి నిద్ర రాలేదు. రెప్ప వాలిస్తే చాలు, తన బల్లెం దెబ్బకి పడిపోయిన మనిషి కనిపించేవాడు. ఎదుటి సైన్యంవాడు, ఒక చెవికే పోగు. "అన్నా, దాహం" అని చెయ్యి చాపేవాడు. ఆ రోజు నిజంగానే అడిగాడమ్మా. చెంగల్రాయుడి నడుముకి సొరకాయ బుర్ర నిండా నీళ్ళున్నాయి. ఇంతలో ముందుకు ఉరకమని కొమ్ము ఊదారు. నీళ్ళివ్వకుండా ఉరికాడు. అదీ అతని బాధ.

ఒకనాడు నిద్రలో కేక పెట్టి చెయ్యి విసిరాడు. అది పక్కనున్న పొన్నికి తగిలి పెదవి చిట్లింది. అప్పుడు అతనికి తన చేతులంటేనే భయం పట్టుకుంది. మర్నాటి నుంచి చాప తీసుకుపోయి ఎడ్లకొట్టంలో పడుకునేవాడు. పొన్ని గుమ్మంలో నిలబడి "నాయనా, లోపలికి రా" అని పిలిచేది. అతను వినపడనట్టు అటు తిరిగేవాడు.

మునెమ్మ తాయెత్తు కట్టించింది. ఆ తర్వాత కషాయం తాగించింది. ఆ తర్వాత కొండ మీది దేవుడికి మొక్కుకుంది. అయినా కలలోని ఆ మనిషి వదల్లేదు.

ఆ ఊళ్ళోనే గుడ్డల మీద బొమ్మలు వేసే కుప్పమ్మవ్వ ఉండేది. నోరు గట్టిది, మనసు వెన్న. ఒకరోజు నల్లసిరా చెయ్యడానికి తుప్పు పట్టిన ఇనుము కావాలని ఇల్లిల్లూ అడుగుతూ వచ్చింది. చెంగల్రాయుడు చూరులోంచి బల్లెం లాగి ఇచ్చేశాడు. "ఇది నా కంటికి కనపడకూడదవ్వా" అన్నాడు.

"నీ ఇనుము, నువ్వే వచ్చి నానబెట్టు" అంది అవ్వ.

అప్పుడు కమ్మరి చేత మొనని ముక్కలు కొట్టించారు. ముక్కలు కుండలో వేసి, నీళ్ళు పోసి, బెల్లం కలిపారు.

"దీనికి బెల్లమెందుకవ్వా?"

"సుత్తితో కొడితే నిప్పులే కదప్పా వచ్చేది. కరగాలంటే తీపి పడల్ల."

మూడు వారాలకి సిరా తయారైంది. అవ్వ పాలలో తడిపి ఆరబెట్టిన గుడ్డ పరిచి, వెదురు కలం అతని చేతిలో పెట్టింది. "నిన్ను నిద్దరపోనీనిది ఏందో, అది గీయి" అంది.

మొదటి గుడ్డ మీద ఏనుగెక్కిన రాజుగారిని వేశాడు. "బాగుండాది. దీంట్లో నువ్వు యాడుండావు?" అంది అవ్వ. రెండో గుడ్డ మీద బల్లెం పట్టుకున్న తనని వేసుకున్నాడు. "ఇదీ బాగుండాది. ఆ బల్లెం ఎవురి మీదికి?" అంది. చెంగల్రాయుడు కలం పడేసి వెళ్ళిపోయాడు. మూడు రోజులు ఆ వైపు రాలేదు.

నాలుగో రోజు వచ్చి, చెయ్యి చాపిన ఆ మనిషిని గీశాడు. చెవిపోగు వేశాడు. ఎండిన పెదాలు వేశాడు. తను వంగి నీళ్ళ బుర్ర అందిస్తున్నట్టు గీద్దామనుకున్నాడు గానీ, చెయ్యి ఆడలేదు. "నేను ఇయ్యలేదు కదవ్వా" అన్నాడు.

"ఇయ్యకుంటే ఇయ్యనట్టే గీయి. గుడ్డతో అబద్ధమాడొద్దు."

అప్పుడు తను వీపు తిప్పి ఉరుకుతున్నట్టు గీశాడు. గీస్తున్నంతసేపూ ఏడ్చాడు. ఏడవనీ, ఏడిస్తే తప్పేముంది?

బొమ్మ వేసిన గుడ్డని పారే నీళ్ళలో జాడించాలి. అది ఆ పనికి పద్ధతి. చెంగల్రాయుడు గుడ్డ భుజాన వేసుకుని ఏటికి వెళ్ళాడు. పొన్ని వెనకాలే వెళ్ళింది. మోకాలి లోతు నీళ్ళలో గుడ్డ పరిచి అతను రెండు కొసలు పట్టుకున్నాడు, పొన్ని రెండు కొసలు పట్టుకుంది. నీళ్ళు బొమ్మ మీదుగా పారుతున్నాయి. చాపిన చెయ్యి మీదుగా, ఎండిన పెదాల మీదుగా.

పొన్ని వంగి చూసింది. "నాయనా, ఈయన నీళ్ళు తాగతా ఉండాడు!" అంది.

చెంగల్రాయుడు గుడ్డ కొసలు ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. "తాగనీ తల్లీ. కడుపు నిండా తాగనీ" అన్నాడు. పొద్దు వాలేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

ఆ రాత్రి పొన్ని పిలవకముందే చాప లోపలికి తెచ్చుకున్నాడు. అయినా మూరెడు దూరంలో వేసుకున్నాడు. భయం ఒక్కరోజులో పోతుందా మరి? పొన్నే దొర్లుకుంటూ దగ్గరికొచ్చింది. కలలో ఆ మనిషి మళ్ళీ వచ్చాడు. రాకుండా ఎలా ఉంటాడు? కానీ ఈసారి ఏమీ అడగలేదు. కాసేపు పక్కన కూర్చుని వెళ్ళిపోయాడు. తెల్లారేదాకా నాయన చెయ్యి పొన్ని మీద మెత్తగా, కదలకుండా ఉంది.

బల్లెం పోయె కుండలోకి,
బొమ్మ పోయె ఏటిలోకి,
కథ పోయె కంచిలోకి,
నిద్దర రావే కంటిలోకి.